నది అడుగున సీసాలు

ఖాళీ అయిన సీసాను ఏం చేస్తాం? మంచిదైతే కడిగి నూనె పోసుకుంటాం. లేకపోతే పాత సామాన్లవాడికి వేస్తాం. పగిలితే ఎవరి కాలికీ గుచ్చుకోకుండా దూరంగా పారేస్తాం. అట్లా పారేసిన సీసా కోసం ఎవరైనా నదిలో మునుగుతారా?

మునిగేవాళ్ళున్నారు. వాళ్ళది అమెరికా దేశం. అక్కడ సముద్రం ఒడ్డున దక్షిణ కరోలినా అనే రాష్ట్రం ఉంది. ఆ రాష్ట్రంలో కూపర్ అనే నది పారుతుంది. చార్లెస్టన్ అనే పాత రేవు పట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ నది వెంబడి రెండు వందలు, మూడు వందల ఏళ్ళ కిందట పెద్ద పెద్ద ఇళ్ళు కట్టారు. మిడిల్‌బర్గ్ అనే చెక్క ఇల్లు సుమారు 1697లో కట్టింది. అది ఇప్పటికీ నిలబడి ఉంది. మరికొన్ని ఇళ్ళు కూలిపోయాయి. ఇల్లు కూలినా ఆ ఇంటివాళ్ళు పారేసిన సామాను నదిలో మిగిలింది. ఆ పాత సీసాల కోసమే ఈ మునగడం.

ఆ నది నీళ్ళు తేటగా ఉండవు. చెట్ల ఆకులు, వేళ్ళు నాని, డికాషన్ రంగులో ఉంటాయి. పైన ఎంత ఎండ కాసినా అడుగున చీకటే. కొన్నిచోట్ల 30, 40 అడుగుల లోతు ఉంటుంది. మునిగేవాళ్ళు వీపుకు గాలి సిలిండరు కట్టుకుంటారు. తలకు దీపం పెట్టుకుంటారు. తేలిపోకుండా నడుముకు సీసపు దిమ్మలు కట్టుకుంటారు. చేతిలో పెద్ద స్క్రూ డ్రైవరు ఉంటుంది. మర బిగించే స్క్రూ డ్రైవరుతో నది అడుగున పనేమిటంటారా? నీటి వడికి మనిషి కొట్టుకుపోతాడు కదా. దాన్ని అడుగున మట్టిలో గుచ్చి పట్టుకుంటారు. తీసి ఇంకొంచెం ముందర గుచ్చుతారు. అట్లా పాకుతూ పోతారు.

చాలాసార్లు కంటితో కాదు, చేత్తోనే వెతకాలి. తడిమితే రాయో, చెట్టు మొద్దో, సీసానో తెలియాలి. పగిలిన గాజు చేతులు కోస్తుంది. చేపల గాలాల తాళ్ళు కాళ్ళకు చుట్టుకుంటాయి. అందుకని కత్తి దగ్గర పెట్టుకుంటారు. ఆ నదిలో మొసళ్ళు కూడా ఉన్నాయి. పైన పడవలు తిరుగుతుంటాయి. కింద మనిషి ఉన్నాడని తెలియడానికి ఎర్ర గుడ్డ మీద తెల్ల పట్టీ ఉన్న జెండా నీటిపైన నిలబెడతారు. సిలిండరులో గాలి ఇంచుమించు గంటసేపు వస్తుంది. లోతు పెరిగితే ఇంకా తొందరగా అయిపోతుంది.

సరే, నదిలోకి అన్ని సీసాలు ఎట్లా వచ్చాయి? ఆ రోజుల్లో చెత్తబండి లేదు. ఇంటి వెనక గోతిలో పారెయ్యాలి, లేకపోతే నదిలో పారెయ్యాలి. ప్రతి పెద్ద ఇంటికీ నది మీద సొంత రేవు ఉండేది. ఇంగ్లండు నుంచి వచ్చిన సామాను పడవల మీద అక్కడికే చేరేది. దింపేటప్పుడు కొన్ని జారి పడేవి. తాగినవాళ్ళు తాగి విసిరేసేవాళ్ళు. ఒడ్డు విరిగిపడినప్పుడు చెత్త గోతులు కూడా నదిలో కలిశాయి. కట్టె పుచ్చుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. గాజుకు ఆ రెండూ లేవు. బురదలో కూరుకుపోతే అది రెండు వందల ఏళ్ళయినా అట్లాగే ఉంటుంది.

సీసా వయసు చెప్పడం కూడా ఒక విద్యే. ఒక సీసా తీసుకుని పక్కలు తడిమి చూడండి. కింది నుంచి పైకి సన్నని గీత చేతికి తగులుతుంది. రెండు అచ్చులు కలిసిన చోట పడే అతుకు అది. ఆ గీత మూతి అంచు దాకా ఉంటే సీసా యంత్రం మీద చేసింది. అమెరికాలో ఓవెన్స్ అనే ఆయన 1903లో అలాంటి యంత్రం కనిపెట్టాడు. గీత మెడ దగ్గరే ఆగిపోతే ఒళ్ళు అచ్చులో పోసి, మూతి చేత్తో చేశారన్న మాట. అసలు గీతే లేకపోతే? మనిషి గొట్టంతో గాలి ఊది చేసిన సీసా కావచ్చు. అలాంటి పాత సీసా అడుగున బొడ్డులాగా గరుకు మచ్చ ఉంటుంది. ఊదడం అయ్యాక మూతి చేసేటప్పుడు సీసాను ఇనప కడ్డీకి అతికించి పట్టుకునేవాళ్ళు. ఆ కడ్డీ విరిచిన గుర్తు అది.

ఆకారం కూడా వయసు చెబుతుంది. 1700 నాటి సారా సీసాలు ఉల్లిగడ్డలాగా బుర్రగా ఉంటాయి. తర్వాత తర్వాత సన్నబడి, 1800 నాటికి నిటారుగా అయ్యాయి. అడుగు గుండ్రంగా ఉండి నిలబడలేని సోడా సీసాలు కూడా ఉన్నాయి. అవి తప్పుగా చేసినవి కావు. పడుకోబెడితే బిరడా తడిసి ఉంటుంది, గ్యాసు పోదు. ఈ బిరడా బాధ తప్పించడానికే 1870లలో ఇంగ్లండులో కాడ్ అనే ఆయన సీసా మెడలో గోలీ పెట్టాడు. మన గోలీ సోడా సీసా అదే!

అన్నిటికంటే విలువైనవి ముద్ర ఉన్న సీసాలు. డబ్బున్న దొరలు సీసా భుజం మీద గాజు బిళ్ళ అతికించి, దాని మీద తమ పేరు వేయించుకునేవాళ్ళు. కొందరు సంవత్సరం కూడా వేయించేవాళ్ళు. ఇట్లాంటి సీసా దొరికితే ఏ దొరదో, ఏ ఏడాదిదో చదివి చెప్పవచ్చు.

ఆ దొరలకు అంత డబ్బు ఎక్కడిది? వడ్ల మీద వచ్చింది.

అవును, వరి పంటే. కూపర్ నది పక్కన పల్లపు భూముల్లో వరి పండించేవాళ్ళు. సముద్రం పోటు వచ్చినప్పుడు నదిలో మంచినీళ్ళు పైకి ఎక్కేవి. అప్పుడు తూములు తెరిచి పొలాలకు నీళ్ళు పెట్టేవాళ్ళు. ఆటు వచ్చినప్పుడు తీసేసేవాళ్ళు. కట్టలు పోసింది, తూములు దింపింది, కలుపు తీసింది, కోసింది దొరలు కాదు. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చి అమ్మిన బానిసలు. అమెరికాకు తెచ్చిన బానిసల్లో చాలామంది చార్లెస్టన్ రేవులోనే దిగారు. పశ్చిమ ఆఫ్రికాలో వరి పండే చోట్ల నుంచి వచ్చిన ఆడవాళ్ళకు ఈ పని బాగా తెలుసు. విత్తనం జల్లి మడమతో మట్టిలో తొక్కేవాళ్ళు. రోట్లో వడ్లు పోసి రోకలితో దంచేవాళ్ళు. చేటలో చెరిగేవాళ్ళు. రోజుకు ఇంత అని పని కొలిచి ఇచ్చేవాళ్ళు. చాలా పనులకు అది పావు ఎకరం. కూలి మాత్రం లేదు. 1865లో బానిసత్వం పోయేదాకా ఇదే బతుకు.

ఈ బానిసల గుడిసెలు కూడా నది పక్కనే ఉండేవి. అందుకే దొర సీసా పక్కనే నది అడుగున ఇంకో వస్తువు దొరుకుతుంది. అది మట్టి గిన్నె. సారె మీద చేసింది కాదు. చేత్తో ఒత్తి, బయట మంట పెట్టి కాల్చింది. ఆఫ్రికా బానిసలూ, అక్కడి ఆదివాసులూ ఇట్లాంటివి చేసుకునేవాళ్ళు. చిన్న చిన్న గిన్నెలు, వంట కుండలు. సీసా దీపం పడగానే మెరుస్తుంది. కుండ పెంకు మెరవదు. బురద రంగులో బురదలోనే కలిసిపోతుంది. బజారులో దానికి సీసాకు పలికే ధర పలకదు. కానీ బానిసలు ఏం వండుకున్నారో, ఎట్లా తిన్నారో చెప్పేది అదే. ఆ సంగతి సీసా చెప్పలేదు.

సీసా మీద దొర పేరుంది. గిన్నె మీద ఎవరి పేరూ లేదు. ఎందుకు లేదు? చేసినవాళ్ళకు చదువు మీద ఇష్టం లేక కాదు. చట్టం ఒప్పుకోలేదు. బానిసకు రాత నేర్పితే నేరం అని దక్షిణ కరోలినాలో 1740లోనే చట్టం చేశారు. 1834లో ఇంకా గట్టి చట్టం తెచ్చారు. చదవడం నేర్పినా నేరమే. తెల్లవాళ్ళు నేర్పితే జుర్మానా, జైలు. నల్లవాళ్ళు నేర్పితే 50 దాకా కొరడా దెబ్బలు. అక్షరం వస్తే బానిస మాట వినడని దొరల భయం. ఆ భయం మరీ తప్పు కూడా కాదు.

అయినా ఒకాయన రాశాడు. అదే రాష్ట్రంలో ఎడ్జ్‌ఫీల్డ్ అనే చోట డేవిడ్ డ్రేక్ అనే బానిస ఉండేవాడు. కుమ్మరి పని చేసేవాడు. మనిషి పట్టేంత పెద్ద జాడీలు చేసేవాడు. చట్టం వచ్చిన తర్వాత కూడా తడి మట్టి మీద తన పేరు, తారీఖు గీసేవాడు. ఒక్కోసారి రెండు పాదాల పద్యం కూడా రాసేవాడు. ఆయన 1858లో చేసిన ఒక జాడీని 2021లో వేలం వేస్తే 15 లక్షల డాలర్లు దాటి పలికింది. చేసిన రోజుల్లో మాత్రం జాడీ అమ్మిన డబ్బు యజమానికే పోయేది.

మిగతావాళ్ళ గుర్తులు వేరే విధంగా మిగిలాయి. కూపర్ నది పక్కన ఇటుక బట్టీలు కూడా ఉండేవి. అక్కడా బానిసలదే పని. పిల్లలు కూడా చేసేవాళ్ళు. పచ్చి ఇటుకను అచ్చులో నుంచి తీసేటప్పుడు వేళ్ళు నొక్కుకునేవి. చార్లెస్టన్‌లో పాత గోడల దగ్గర నిలబడి చూస్తే ఇటుకల్లో చిన్న చిన్న వేలిముద్రలు ఇప్పటికీ కనపడతాయి.

మట్టి గిన్నెల మీద ఇంకో గుర్తు ఉంది. కొన్ని గిన్నెల అడుగున రెండు అడ్డగీతలు గీసి ఉంటాయి. కూడిక గుర్తు మాదిరి. కొన్నిటికి చుట్టూ వలయం ఉంటుంది. ఇలాంటి గిన్నెలు ఎక్కువగా నదుల అడుగునే దొరికాయి, పాత వరి తోటల రేవుల ముందు. లేలండ్ ఫెర్గూసన్ అనే పరిశోధకుడు వీటిని ఏళ్ళ తరబడి చూశాడు. ఆఫ్రికాలో కాంగో ప్రాంతం మనుషులు ఇట్లాంటి గుర్తు గీస్తారు. అడ్డంగా ఉన్న గీత నీరు. నీటికి పైన బతికినవాళ్ళ లోకం, కింద పోయినవాళ్ళ లోకం. గిన్నెల మీద ఉన్నది అదే గుర్తు కావచ్చని, వాటిని పూజ కోసం నీళ్ళలో వదిలి ఉండవచ్చని ఆయన 1992లో ఒక పుస్తకంలో రాశాడు. అందరు పండితులూ ఒప్పుకోలేదు. ఇది నా గిన్నె అని తెలియడానికి పెట్టుకున్న గుర్తేమో అని కొందరు అంటారు. గీసినవాళ్ళు రాసి పెట్టలేదు కాబట్టి ఈ వాదం తేలడం కష్టం.

అయితే నదిలో దిగి ఎవరికి దొరికింది వాళ్ళు ఎత్తుకుపోవచ్చా? కుదరదు. 1991లో ఆ రాష్ట్రం దీనికి ఒక చట్టం చేసింది. సరదాకు వెతికేవాళ్ళు కూడా ముందు లైసెన్సు తీసుకోవాలి. చేత్తో ఏరుకోవాలి తప్ప యంత్రాలు పెట్టి అడుగు తవ్వకూడదు. మునిగిన పాత ఓడల దగ్గర ఇంకా కట్టుబాట్లు ఉన్నాయి. దొరికిన వాటి వివరం రాసి ఎప్పటికప్పుడు విశ్వవిద్యాలయంలో ఉన్న కార్యాలయానికి పంపాలి.

వస్తువు ఒక్కటే చేతిలో ఉంటే అది వట్టి సీసా, వట్టి పెంకు. ఏ ఇంటి రేవు ముందు దొరికిందో, పక్కన ఇంకేమి ఉన్నాయో తెలిస్తేనే దాని కథ తెలుస్తుంది. అందుకే పేరున్న సీసాతోపాటు పేరులేని గిన్నె పెంకుకు కూడా ఆ కాగితంలో చోటుంది. ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఏ రోజు దొరికింది అన్నది దానికీ రాయాల్సిందే.