మొక్క ఎంతో కుండీ అంతే: నాటు మిరప విత్తనం కాపాడుకోవడానికి మూడేళ్ళు పట్టిన పాఠం

మాది ఖమ్మం జిల్లా ముదిగొండ మండలం. ఈసారి పొలం గురించి కాదు, కుండీల గురించి చెప్తాను. ఎకరాల్లో మిర్చి వేసేవాడికి కుండీలతో ఏం పని అని మీకు అనిపించొచ్చు. నాకూ అలాగే అనిపించేది. కానీ మా ఇంటి నాటు మిరప విత్తనం ఇవాళ బతికి ఉందంటే అది కుండీల వల్లే. దాదాపు పోయే దాకా వచ్చిందీ కుండీల వల్లే. మట్టి కలపడం, మొక్క మార్చడం చేతులతో చేసి వీడియోలో చూపించాను. ఎందుకు అలా చేయాలన్నది ఇక్కడ రాస్తున్నాను.

మిరపను కుండీలోకి ఎందుకు తెచ్చాను

2021-22 సీజన్ మిర్చి రైతులెవరూ మర్చిపోలేరు. నల్ల తామర పురుగు పూతలో చేరి తోటలకు తోటలే ఎండబెట్టింది. ఆ ఏడాది పంట పోయాక మా అమ్మ అటక మీద నుంచి ఒక డబ్బా దించింది. అందులో ఆమె తన పుట్టింటి నుంచి తెచ్చుకుని పెరట్లో పెంచుతూ వచ్చిన నాటు మిరప కాయలు ఉన్నాయి. కాయ పొట్టిగా, తోలు మందంగా ఉంటుంది. పచ్చడికి ఆ రంగు, ఆ వాసన ఇంకే కాయకూ రాదని అమ్మ నమ్మకం. పెరట్లో మొక్కలు అంతకుముందే పోయాయి. మిగిలింది ఆ డబ్బానే.

ఆ విత్తనం పొలంలో వేస్తే కాపు వస్తుంది, కానీ విత్తనం స్వచ్ఛంగా రాదు. మిరప తన పూతలో తానే సంపర్కం చేసుకోగలదు. అయినా తేనెటీగలు పక్క చేను పుప్పొడి తెచ్చి అంటిస్తాయి. మా చుట్టూ ఎటు చూసినా తేజ, హైబ్రిడ్ తోటలే. ఆ ఏడు కాయలో తేడా కనపడదు. ఆ కాయలోని గింజ వేస్తే తర్వాతి ఏడు కనపడుతుంది. అందుకని పెరట్లో కర్రలు పాతి, 40 మెష్ పురుగుల వల కట్టి, దాని లోపల కుండీల్లో పెంచాలని నిర్ణయించుకున్నాను. ఆ వల తామర పురుగును పూర్తిగా ఆపలేదు కానీ తేనెటీగను ఆపుతుంది. పూత సమయంలో పొద్దున పూట కొమ్మను మెల్లగా తడితే చాలు, కాయ పడుతుంది.

ఇంకో సంగతి. మిరప గింజను మామూలుగా ఇంట్లో దాస్తే రెండు మూడేళ్ళు దాటాక మొలక బాగా తగ్గిపోతుంది. అంటే నా చేతిలో ఎక్కువ అవకాశాలు లేవు.

మొదటి తప్పు: చిన్న మొక్కకు పెద్ద కుండీ

2022 రోహిణి కార్తెలో ప్రోట్రేలో నారు పోశాను. ముప్పై రోజుల మొక్కలు 20 తీసి, నేరుగా 20 లీటర్ల రంగు డబ్బాల్లో నాటాను. ఎప్పటికైనా పెద్ద కుండీలోకే పోవాలి కదా, మధ్యలో మార్చే శ్రమ ఎందుకు అనుకున్నాను. మట్టి పొలం నుంచి తెచ్చిన నల్లరేగడి. నీళ్ళు బాగా దిగాలని అడుగున నాలుగు అంగుళాలు గులకరాళ్ళు కూడా పోశాను.

అమ్మ చూసి, "ఒరేయ్, పసిపిల్లోడికి వాళ్ళ నాయన చొక్కా తొడిగినట్టుంది" అంది. నేను నవ్వేసి ఊరుకున్నాను.

ఆ జులై వానలు మీకు గుర్తుండే ఉంటాయి. భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటిన జులై అది. వారం రోజులు ముసురు. తడిసిన డబ్బా ఒక్కొక్కటి పాతిక కిలోల పైన ఉంది, ఎత్తి వసారాలో పెట్టడం నా వల్ల కాలేదు. వాన తగ్గేసరికి ఆకులు పసుపెక్కాయి, మొదళ్ళు మెత్తబడ్డాయి. 20లో 13 మొక్కలు పోయాయి. ఒకటి పీకి చూస్తే వేళ్ళు గోధుమ రంగులో, కుళ్ళు వాసనతో ఉన్నాయి.

జరిగింది ఇదీ. చిన్న మొక్క వేళ్ళు గుప్పెడు మట్టిలోనే ఉంటాయి. చుట్టూ ఉన్న మిగతా మట్టిలో నీళ్ళు తాగే వేరే లేదు. ఆ మట్టి రోజుల తరబడి తడిగానే ఉంటుంది, గాలి ఆడదు. గాలి లేని తడిలో నారుకుళ్ళు బూజులు పెరుగుతాయి. వాన లేకపోయినా రోజూ నీళ్ళు పోస్తే ఇదే జరుగుతుంది, కాస్త ఆలస్యంగా.

గులకరాళ్ళ సంగతి

అడుగున రాళ్ళు పోస్తే నీళ్ళు దిగుతాయని మనందరం నమ్ముతాం. నిజం దానికి తిరగబడి ఉంది. మెత్తటి మట్టి నుంచి నీరు పెద్ద సందులున్న రాళ్ళలోకి అంత తేలిగ్గా దిగదు. పైన మట్టి పూర్తిగా నానిపోయాకే దిగుతుంది. ప్రతి కుండీకీ అడుగున ఒక తడి పొర ఉంటుంది. రాళ్ళు పోస్తే ఆ పొర రాళ్ళ పైకి, అంటే వేళ్ళకు ఇంకా దగ్గరికి వస్తుంది.

గిన్నెలు తోమే స్పాంజితో దీన్ని మీరే చూడొచ్చు, వీడియోలో నేనూ చేశాను. స్పాంజిని బాగా తడిపి అడ్డంగా పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్నే నిలువుగా తిప్పండి. మళ్ళీ నీళ్ళు కారుతాయి. స్పాంజి అదే, నీళ్ళూ అవే, ఎత్తు పెరిగింది కాబట్టి కారాయి. కుండీ కూడా అంతే. ఒకే మట్టి అయితే తడి పొర మందం పొట్టి కుండీలో, పొడుగు కుండీలో ఇంచుమించు ఒకటే. పొడుగు దాంట్లో దాని పైన వేళ్ళకు గాలి ఆడే చోటు ఎక్కువ మిగులుతుంది. నర్సరీలవాళ్ళు సన్నగా పొడుగ్గా ఉండే సంచులు వాడటంలో ఈ లాభం ఉంది. ఇప్పుడు నేను చిల్లు మీద ఒక పెంకు ముక్కో, కాస్త కొబ్బరి పీచో పెడతాను. మట్టి జారిపోకుండా ఉండటానికే అది.

రెండో తప్పు: పెరిగిన మొక్కకు చిన్న ఇల్లు

2023లో భయపడి అటువైపు తప్పు చేశాను. మళ్ళీ కుళ్ళుతాయేమోనని నారును ప్రోట్రేలోనే 65 రోజులు ఉంచేశాను. 98 గుంటల ప్రోట్రేలో ఒక్కో గుంటకు పట్టేది 20-25 మిల్లీలీటర్లే, అంటే నాలుగైదు చెంచాల మట్టి. వేళ్ళు గుంట గోడ చుట్టూ చాప అల్లినట్టు తిరిగాయి. జానెడు ఎత్తుకే మొక్కలు పూతకు వచ్చాయి. తొందరగా పూసిందని మొదట సంబరపడ్డాను. అది బలం కాదు, ఇక ఇక్కడ పెరగలేనని మొక్క చెప్పడం. తర్వాత పెద్ద కుండీలోకి మార్చినా ఆ వేళ్ళు పాత గుంట ఆకారంలోనే చుట్టుకుని ఉండిపోయాయి. ఆ ఏడు 24 మొక్కలకు కలిపి రెండు గుప్పెళ్ళ కాయలు వచ్చాయి. డబ్బాలో పాత గింజ మొలకలు అప్పటికే సగానికి పడిపోయాయి.

సైజుల లెక్క

మూడో ఏడు కుండీలు కొనే ముందు కొలతలు వేసుకున్నాను. పాలిథిన్ సంచిని బల్లపరుపుగా పరిచినప్పటి కొలతతో అమ్ముతారు. 5×9 సంచి అంటే నింపాక 5 అంగుళాల వెడల్పు రాదు. పరిచిన వెడల్పులో మూడింట రెండు వంతుల కంటే కాస్త తక్కువ, అంటే సుమారు 3 అంగుళాలు వస్తుంది. గుండ్రటి గ్రో బ్యాగులు చాలావరకు నింపాక వచ్చే కొలతతోనే అమ్ముతారు. కొనేటప్పుడు ఏ కొలతో అడగండి.

నేను వాడిన మెట్లు ఇవి:

- ప్రోట్రే గుంట: వెడల్పు సుమారు ఒకటిన్నర అంగుళం, మట్టి 20-25 మిల్లీలీటర్లు. విత్తిన దగ్గర నుంచి 35 రోజుల వరకు.
- 5×9 సంచి: నింపాక 3 అంగుళాల పైన, మట్టి సుమారు ఒక లీటరు. తర్వాత నాలుగైదు వారాలు.
- 10×10 సంచి: నింపాక 6 అంగుళాల పైన, మట్టి సుమారు 4 లీటర్లు. మరో నాలుగైదు వారాలు.
- 12×12 గుండ్రటి గ్రో బ్యాగు: పైన రెండు అంగుళాలు వదిలితే మట్టి సుమారు 18 లీటర్లు. కాపు అయ్యే వరకు.

ప్రతి మెట్టులో వెడల్పు ఇంచుమించు రెట్టింపు. అంతకు మించి దూకొద్దు. వెడల్పు, ఎత్తు రెండూ రెట్టింపైతే మట్టి ఎనిమిది రెట్లవుతుందని గుర్తుపెట్టుకోండి. కంటికి కాస్త పెద్దదిగా కనపడే కుండీ, నీళ్ళ లెక్కలో చాలా పెద్దది. మొదటి మెట్టులో మట్టి ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి ఆ పది రోజులు నీళ్ళు సంచంతా పోయకుండా మొక్క మొదట్లోనే కొద్దికొద్దిగా పోశాను.

మార్చే రోజు ఎలా తెలుస్తుంది

తేదీల కంటే మొక్కే బాగా చెప్తుంది. పొద్దున నీళ్ళు పోసినా మధ్యాహ్నానికి వాడిపోవడం, చిల్లుల్లోంచి తెల్లటి వేళ్ళు కనపడటం, పోసిన నీళ్ళు వెంటనే కిందికి కారిపోవడం గుర్తులు. అనుమానం ఉంటే ఒక మొక్కను బయటికి తీసి చూడండి. మట్టి రాలిపోతే తొందరపడ్డట్టు, ఇంకో వారం ఆగండి. తెల్లటి వేళ్ళు మట్టిని ముద్దగా పట్టుకుని ఉంటే అదే సరైన రోజు. వేళ్ళు గోడ చుట్టూ తిరగడం మొదలైతే ఆలస్యమైనట్టే.

మార్చే విధానం:

1. రెండు గంటల ముందు నీళ్ళు పోయాలి. పని సాయంత్రం ఎండ తగ్గాకే పెట్టుకోవాలి.
2. కాండం పట్టి పీకొద్దు. మొదలు రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని సంచిని తలకిందులు చేయాలి, లేదా బ్లేడుతో నిలువునా కోయాలి.
3. చుట్టుకున్న వేళ్ళుంటే అడుగున చేత్తో విడదీయాలి. గట్టిగా అల్లుకుంటే పక్కల నాలుగు చోట్ల పైపైన నిలువు గాట్లు పెట్టాలి.
4. పాత మట్టి మట్టం ఎంతో కొత్త కుండీలోనూ అంతే. టమాటను లోతుగా పెడితే కాండానికి వేళ్ళు వస్తాయి. మిరపకు ఆ అలవాటు చేయొద్దు. బొప్పాయికైతే అసలే వద్దు, మొదలు కుళ్ళుతుంది.
5. మట్టిని అదిమి కుక్కొద్దు. కింద నుంచి కారే వరకు ఒకసారి నీళ్ళు పోసి, నాలుగు రోజులు నీడలో ఉంచాలి.
6. వారం దాకా జీవామృతం ఇవ్వొద్దు. తర్వాత పది వంతుల నీళ్ళకు ఒక వంతు కలిపి ఇవ్వాలి.

మట్టి మిశ్రమం రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కడిగిన కొబ్బరి పొట్టు. పెద్ద కుండీకి గుప్పెడు ఘనజీవామృతం, గుప్పెడు వేప పిండి. నల్లరేగడి పొలంలో బంగారమే కానీ కుండీలో వేరు. ఎండితే కుంచించుకుని గోడ పక్కన సందు పడుతుంది. పోసిన నీళ్ళన్నీ ఆ సందులోంచి పోయి మధ్యలో మట్టి ఎండిగానే ఉంటుంది.

ఇక నీళ్ళు. గడియారం చూసి పోయొద్దు. కుండీని ఒక పక్క ఎత్తి చూడండి, బరువుగా ఉంటే ఆ రోజు వద్దు. వేసవిలో మా దగ్గర ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. అప్పుడు నల్ల ప్లాస్టిక్ కాగి వేళ్ళు ఉడుకుతాయి. చుట్టూ గోనె సంచి కట్టి తడపండి.

2024లో ఏం జరిగింది

మృగశిర కార్తెలో విత్తాను. ఉన్న గింజల్లో మొలిచి నిలబడ్డవి 18. జులై మధ్యలో లీటరు సంచిలోకి, ఆగస్టు మూడో వారంలో 4 లీటర్ల సంచిలోకి మార్చాను. పది రోజులు తిరక్కుండానే ఆగస్టు 31, సెప్టెంబరు 1 వానలు. మున్నేరు పొంగి ఖమ్మాన్ని ముంచిన వాన అది. ఆ రాత్రి కరెంటు లేదు. నేనూ అమ్మా లాంతరు పెట్టుకుని 18 సంచులూ ఒక్కొక్కటిగా వసారాలోకి చేర్చాం. నాలుగు లీటర్ల సంచి కాబట్టి అమ్మ కూడా ఎత్తగలిగింది. అవే రంగు డబ్బాలై ఉంటే ఆ రాత్రితో మా ఇంటి మిరప అయిపోయేది.

సెప్టెంబరు చివర్లో పెద్ద బ్యాగుల్లోకి మార్చాను. 16 మొక్కలు కాపుకొచ్చాయి. జబ్బు లేని మొక్కల నుంచి చెట్టు మీదే పూర్తిగా పండిన కాయలు ఏరి, నీడలో ఆరబెట్టి గింజ తీశాం. మూడు భాగాలు చేశాను. ఒకటి అమ్మ డబ్బాలో, ఒకటి నా దగ్గర, ఇంకొకటి ఊళ్ళో ఇద్దరు రైతుల దగ్గర. ఒకచోట పోయినా ఇంకోచోట ఉంటుంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఏదైనా ఉంటే ఈ మృగశిరకే పది గింజలు వేసి మొలక చూసుకోండి. చిన్న సంచితో మొదలుపెట్టండి.