పత్తి ఊరికి నిప్పు భయం

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలకు పత్తితో సంబంధం పాతది. ఆదోని పత్తి మార్కెట్టుకు, జిన్నింగు మిల్లులకు పేరుపొందినది. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పారు. పత్తి ఉన్నచోట నిప్పు భయం కూడా ఉన్నది. జిన్నింగు యంత్రంలో చిన్న రాయి గాని, ఇనుప ముక్క గాని పడితే చాలు, రవ్వ లేస్తుంది.

పూర్వం ఇటువంటి మంటలపై మనుష్యులు వరుసగా నిలిచి, చేతులు మార్చుకుంటూ బొక్కెనలతో నీళ్లు చల్లేవారు. కాని వేడికి ఎవరూ దగ్గరకు పోలేరు. దూరాన్నుండి చల్లిన నీరు మంటను చేరదు. నీటిని దూరానికి చిమ్మే సాధనం కావలసివచ్చింది.

క్రీ. పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరంలో ఉన్న క్టెసిబియస్ అటువంటి పంపును కల్పించాడని చెబుతారు. ఇందులో రెండు స్తూపాలు, వాటిలో రెండు ముషలకాలు ఉంటవి. పైనున్న అడ్డకర్రను ఇరువైపుల మనుష్యులు ఏతం వలె ఊపుతారు. ఒక ముషలకం పైకి లేచి నీటిని పీల్చుకుంటూ ఉండగా, రెండవది కిందికి దిగి నీటిని గొట్టంలోకి నెడుతుంది. నీరు వెనుకకు పోకుండా కవాటాలు అడ్డుకుంటవి.

అయితే ముషలకాలు దిశ మార్చినప్పుడల్లా ధార తగ్గిపోతుంది. 17వ శతాబ్దంలో ఐరోపావారు ఈ లోపాన్ని వాయుకోశంతో సరిదిద్దారు. పంపు నెట్టిన నీరు ముందు ఒక మూసిన పాత్రలో చేరి, అందులోని గాలిని అదుముతుంది. నెట్టుడు ఆగిన క్షణంలో ఆ గాలి వ్యాకోచించి నీటిని తోస్తుంది. ధార తెగదు. 1670 దశకంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ వాన్ డెర్ హైడెన్ తోలు గొట్టాన్ని చేర్చడంతో నీటిని ఇంటిలోపలికి కూడా తీసుకుపోగలిగారు.

ఈ వాయుకోశాన్ని చూడడానికి మ్యూజియానికి పోనక్కరలేదు. రైతు వీపున తగిలించుకొని, చేతికర్రతో కొట్టే మందు పంపులో అదే ఉన్నది. నేటి ఫైరింజనులో మాత్రం వేగంగా తిరిగే చక్రం నీటిని నిరంతరంగా నెడుతుంది కనుక వాయుకోశంతో పనిలేదు.

ధార మంటను చేరింది. ఇక పత్తి మంట ఆరినట్లేనా? కాదు. ఒక చిన్న ప్రయోగం చేయండి. చేలో తీసిన పత్తిని గింజలు తీసి నీటిపై వేయండి, తేలుతుంది. మందుల షాపు దూదిని వేయండి, మునుగుతుంది. పచ్చి పత్తిపోగుపై సన్నని మైనపు పొర ఉన్నది. అది నీటిని లోపలికి రానీయదు. మందుల దూదిని క్షారంలో ఉడికించి ఆ మైనాన్ని తీసివేస్తారు. ఇప్పుడు నీటిలో కొంచెం సబ్బు కలిపి చూడండి. నీటి తలతన్యత తగ్గి పచ్చి పత్తి కూడా తడుస్తుంది. పత్తి మంటలపై చల్లే నీటిలో సబ్బువంటి పదార్థాలను కలపడంలోని రహస్యం ఇదే.

170 కిలోల పత్తిని అదిమి కట్టిన బేలులో ప్రమాదం మరీ ఎక్కువ. పైమంట ఆరినా, పోగుల మధ్య చిక్కిన గాలితో లోపల నిప్పు రోజుల తరబడి కుములుతుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి బేళ్లు, పేలుడు పదార్థాలు కలిపి నింపిన ఫోర్ట్ స్టికిన్ ఓడలో నిప్పు పుట్టి, ఓడ పేలిపోయింది. అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది మరణించారు. దేశమంతటా ఏప్రిల్ 14ను అగ్నిమాపక దినంగా పాటించడం వారి స్మృతికోసమే.

కనుక కాలిన బేలును ఇతర బేళ్లనుండి దూరంగా లాగి, విప్పి, లోపలిదాకా తడిపి, కాపలా కాయాలి. పొగ కనిపించనంత మాత్రాన నిప్పు ఆరినట్లు కాదు.