మీకు తెలుసా?

గిటారు, వయొలిన్ వంటి తంత్రీవాద్యముల దేహమునకు నేడు రంగు చిమ్ముచున్న ఎయిర్‌బ్రష్‌కు పూర్వరూపమైన పరికరమునకు 1876లో అమెరికాలో పేటెంటు పొందిన ఫ్రాన్సిస్ ఎడ్గార్ స్టాన్లీయే, తదనంతరకాలమున తన కవల సోదరునితో కూడి ఆవిరికార్లను నిర్మించి ప్రసిద్ధుడయ్యెను! ఆ సాధనమును ఆయన ఛాయాచిత్రములకు వర్ణములద్దుటకై కల్పించెను.

నేటి ఎయిర్‌బ్రష్‌లలో వాద్యనిర్మాతకు డబుల్ యాక్షన్ రకము మిక్కిలి అనుకూలము. మీటను క్రిందికి నొక్కిన గాలియు, వెనుకకు లాగిన రంగును వెలువడుటచే, నడుమ తేనెవన్నెతో మొదలై అంచులకు పోనుపోను ముదురు గోధుమవన్నెగా మారు ఛాయను అతుకు కానరాకుండ తీర్చవచ్చును. పలుచని రంగునీటికి 0.2 మిల్లీమీటర్ల నాజిల్ చాలును గాని, స్పిరిటులో కరగించిన లక్కవార్నిషునకు 0.5 మిల్లీమీటర్లది మేలు. సన్నని రంధ్రమున లక్క యెండి అడ్డుపడును.

కఱ్ఱ నరములు మఱుగుపడకుండ పారదర్శకవర్ణము నిలుపుటయే ఈ పనిలోని రహస్యము. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు, పలుచని మేకతోలుపై వెలుగు చొచ్చుకొనివచ్చునట్లు ఇరువైపుల రంగులద్దుచు, ఇట్టి పారదర్శకతనే చేతికుంచెతో సాధించుచున్నారు.