నది మీద దీపం తన పేరు ఎలా చెబుతుంది?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు పెన్న, చిత్రావతి ఉన్నాయి కానీ వాటిలో ఓడలు తిరగవు. మనకి సిగ్నల్ అంటే రైలు సిగ్నలే. ఎరుపైతే ఆగాలి, ఒక్క పసుపైతే తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధంగా ఉండాలి, ఆకుపచ్చ అయితే వెళ్లొచ్చు. సిగ్నల్ తప్పితే ఏమవుతుందో కూడా మనకి తెలుసు. 2012 మే 22 తెల్లవారుజామున పెనుకొండ దగ్గర హంపి ఎక్స్‌ప్రెస్ ఎర్ర సిగ్నల్ దాటి, ఆగి ఉన్న గూడ్స్‌ని ఢీకొంది. 20 మందికి పైగా చనిపోయారు.

రైలుకి పట్టాలుంటాయి కాబట్టి ఏ సిగ్నల్ తనదో డ్రైవర్‌కి తెలుస్తుంది. నదిలో పట్టాలు లేవు. రాత్రిపూట దూరంగా కనిపించే ఎర్రలైటు నీళ్లలో తేలే బోయాదా, ఒడ్డున ఉన్న సెల్ టవర్‌దా? ఈ అనుమానం రాకుండా నది దీపానికి రంగుతో పాటు ఒక లయ కూడా ఇస్తారు.

ఆ లయలు ముఖ్యంగా మూడు రకాలు. వెలుగు తక్కువసేపు, చీకటి ఎక్కువసేపు ఉంటే ఫ్లాషింగ్. వెలుగే ఎక్కువసేపు ఉండి మధ్యలో కాసేపు ఆరితే ఆకల్టింగ్. రెండూ సమానమైతే ఐసోఫేజ్.

చార్టులో "ఫ్లాషింగ్ 2, ఎరుపు, 10 సెకన్లు" అని ఉందనుకోండి. రెండు ఎర్ర మెరుపులు, తర్వాత చీకటి, మొత్తం కలిపి 10 సెకన్లు. చాలామంది చీకటిని మాత్రమే 10 సెకన్లు అనుకుంటారు. కాదు, మొదటి మెరుపు నుంచి మళ్లీ మొదటి మెరుపు దాకా లెక్కపెట్టాలి. మన భాషలో చెప్పాలంటే అది లూప్ మొత్తం పట్టే టైమ్. స్టాప్‌వాచ్‌తో మూడు లూపులు కొలిచి మూడుతో భాగిస్తే పొరపాటు తగ్గుతుంది.

ఇక రంగు. మన దేశం పాటించే అంతర్జాతీయ 'ఎ' పద్ధతిలో సముద్రం నుంచి ఎగువకి వెళ్లే పడవకి ఎరుపు ఎడమ పక్కన, ఆకుపచ్చ కుడి పక్కన ఉండాలి. దిగువకి వస్తుంటే తిరగబడుతుంది. అమెరికాలో మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అందుకే ముందు మనం ఎటు వెళ్తున్నామో తేల్చుకోవాలి.

మన రాష్ట్రంలో ఇది పుస్తకాల్లో సంగతి మాత్రమే కాదు. 2008లో ప్రకటించిన 4వ జాతీయ జలమార్గంలో కృష్ణ, గోదావరి, కాకినాడ-పుదుచ్చేరి కాలువలు ఉన్నాయి. ఒక్క గోదావరిలోనే భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్లు.

ఈసారి అటు వెళ్లినప్పుడు చీకట్లో ఏదైనా దీపం మిణుకుమంటే ఫోన్ తీసి లెక్కపెట్టండి. ముందు లయ, తర్వాత రంగు, ఆఖర్న చార్టు.