పొలిమేర దాటిన దారిలో దెబ్బ తగిలితే

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వెళ్లాయి. అయినా మన రాకపోకలు ఆగలేదు. పెళ్లికి గుంతకల్లు పోతాము, మొక్కు తీర్చుకోవడానికి మంత్రాలయం పోతాము. దారిలో లారీయో, కారో కొట్టి మనిషి మంచాన పడితే మాత్రం, "అది ఆంధ్ర, మనది కర్ణాటక, ఆ కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు?" అని కొందరు నిరుత్సాహపడతారు. బండి యజమాని ఇచ్చిన కొద్దిపాటి సొమ్ము పుచ్చుకుని, రాజీ కాగితం మీద సంతకం చేసి వస్తారు.

అంత తొందర అక్కరలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను ప్రకారం, ప్రమాదం జరిగిన చోటనే కాక, బాధితుడు నివసించే చోట లేదా వృత్తి వ్యాపారాలు చేసుకునే చోట ఉన్న ట్రిబ్యునలులో కూడా నష్టపరిహారం కోరవచ్చు. గుంతకల్లు దగ్గర కాలు విరిగిన బళ్లారి మనిషి బళ్లారిలోనే అర్జీ దాఖలు చేసుకోవచ్చునన్నమాట. ఎంచుకునే హక్కు బాధితుడిదే.

ఇక గడువు సంగతి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ, ప్రమాదం జరిగిన 6 నెలల్లోగా అర్జీ పెట్టాలన్నది. గడువు దాటిందన్న కారణంతో అర్జీలు కొట్టివేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అది ఆఖరి తీర్పు కాదు గనుక, దానిని నమ్ముకుని ఆలస్యం చేయరాదు.

కొట్టిన బండి ఆచూకీ దొరకకపోయినా దారి ఉంది. మరణానికి 2 లక్షలు, తీవ్రమైన గాయానికి 50 వేల రూపాయలు ప్రభుత్వ పథకం కింద లభిస్తాయి. ఈ అర్జీ మాత్రం ప్రమాదం జరిగిన ప్రాంతపు రెవెన్యూ అధికారికి ఇవ్వాలి.

పరిహారం ఎంత అన్నది గాయాన్ని బట్టి మాత్రమే తేలదు. ఎడమ చెయ్యి పోతే గుమాస్తా ఉద్యోగం నిలవవచ్చు. డ్రైవరుకో, వడ్రంగికో బ్రతుకుతెరువే పోతుంది. ఈ తేడాను తప్పక చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మనిషి ఏం పని చేసేవాడో, ఎంత తెచ్చేవాడో రుజువు చేసే జీతం చీటీలు, లెక్క పుస్తకాలు దాచాలి.

మరి జీతం లేని ఇల్లాలి సంగతో? "ఆమెకు సంపాదన లేదు గదా" అనే మాటకు 2021 జనవరి 5న కీర్తి కేసులో జవాబు వచ్చింది. పొన్నవరంలో పుట్టిన మన తెలుగువారు జస్టిస్ ఎన్.వి. రమణ అందులో విడిగా తన అభిప్రాయం వ్రాశారు. ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన స్త్రీలు దేశంలో దాదాపు 16 కోట్ల మంది అని జనాభా లెక్కలు ఉదహరించి, వంట, పిల్లల పెంపకం, ముసలివారి సేవ, వీటన్నిటికీ విలువ కట్టవలసిందేనన్నారు. ఇల్లాలు గాయపడినా అర్జీ పెట్టడం మరువకండి.

మొదటి వారంలోనే పోలీసు ఫిర్యాదు నకలు, ఆసుపత్రిలో ఇచ్చిన గాయం సర్టిఫికెట్టు, మందుల బిల్లులు, బండి నంబరు, ఇన్స్యూరెన్సు వివరాలు ఒక సంచిలో వేసి ఉంచండి. ప్లీడరుకు ఇచ్చుకోలేని స్త్రీలు, షెడ్యూల్డు కులాల, తెగలవారు, వికలాంగులు జిల్లా న్యాయసేవల ప్రాధికారాన్ని ఆశ్రయిస్తే ఉచితంగా సహాయం దొరుకుతుంది.

ఒక చిక్కు మిగిలింది. ఆంధ్రలో వ్రాసిన పోలీసు కాగితాలు తెలుగులో ఉంటాయి. బళ్లారి కోర్టు వ్యవహారం కన్నడంలోనో, ఇంగ్లీషులోనో సాగుతుంది. రెండు లిపులూ చదవగలవారు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. కష్టంలో ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు, పండ్లతోపాటు ఒక పూట తీరికను కూడా తీసుకువెళ్లి, ఆ కాగితాలు చదివి అర్థం చెప్పి, అర్జీ తేదీ గుర్తు చేసి రండి. ఆ ఇంటివారు ఏ రాజీ కాగితం మీదా తొందరపడి సంతకం చేయకుండా చూడండి.