మోటారు షెడ్డులో రేడియో

వేసవిలో కాలవలు కట్టేశాక కోనసీమ కొబ్బరితోటలకి బోరే దిక్కు. చాలామందికి ఇల్లొకచోట, తోట ఒకచోట. మోటారు వెయ్యడానికి ఒకసారి, కట్టడానికి మరోసారి గట్టు వెంట నడవాలి. మధ్యలో కరెంటు పోయి వస్తే మళ్ళీ నడవాలి. రాత్రిపూట ఆ దారిలో పాములుంటాయి. అమలాపురం చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ మీద మక్కువ ఉన్న పిల్లవాడెవడైనా ఇంట్లో పెద్దవాళ్ళ ఈ తిరుగుడు చూస్తే అతనికి ముందుగా తట్టేది రిమోటే. తాళంచెవుల గుత్తికి తగిలించుకునే చిన్న రిమోటు, దానికి జోడీగా అగ్గిపెట్టెంత రిసీవర్ బోర్డు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతున్నాయి. మీట నొక్కితే బోర్డు మీది రిలే టిక్కుమంటుంది.

ఆ టిక్కు వినగానే పని అయిపోయిందనిపిస్తుంది. కాలేదు. ఈ పరికరంలో రెండు యంత్రాలున్నాయి. ఒకటి వినేది, రెండోది చేసేది. వినే యంత్రాన్ని తీర్చిదిద్దడానికి వందేళ్ళ పైన పట్టింది. చేసే యంత్రాన్ని మాత్రం చాలామంది పట్టించుకోరు. ప్రమాదం ఉన్నది అక్కడే.

తీగ లేకుండా దూరాన ఉన్న వస్తువు చేత పని చేయించడం మన దేశంలోనే చాలా ముందుగా జరిగింది. 1895లో కలకత్తా టౌన్‌హాల్‌లో జగదీశ్ చంద్ర బోస్ విద్యుదయస్కాంత తరంగాలను గోడల గుండా పంపి, అవతలి గదిలో గంట మోగించాడు, తుపాకిమందు పేల్చాడు. మార్కోనీ పేరు ఇంకా లోకానికి తెలియదు. సందేశం పంపడం కాదు బోస్ ఆ రోజు చూపించింది, స్విచ్ వెయ్యడం. ఈనాటి రిమోటు స్విచ్‌కి అదే పుట్టుక అంటాను నేను.

మూడేళ్ళకి, 1898లో, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా ఒక చిన్న ఇనుప పడవను నీటితొట్టిలో వదిలి, దూరం నుంచి దాన్ని తిప్పాడు, దాని దీపాలు వెలిగించాడు, ఆర్పాడు. పడవ లోపల మనిషో కోతో ఉందని కొందరు అనుమానపడ్డారట. అదే ఏడాది నవంబరులో పేటెంటు వచ్చింది. అయితే టెస్లా అక్కడితో ఆగలేదు. ఎవరు తరంగం పంపినా పడవ కదిలితే ఎలా? రెండు వేర్వేరు పౌనఃపున్యాలు ఒకేసారి అందితేనే రిసీవర్ స్పందించే పద్ధతి ఒకటి ఆలోచించి, 1903లో దానికీ పేటెంట్లు తెచ్చుకున్నాడు. ఎవరి మాట వినాలి, ఎవరిది వినకూడదు అన్న ప్రశ్నను మొదట గట్టిగా పట్టుకున్నవాడు టెస్లాయే. ఆ తరవాత ఈ యంత్రం జీవితమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఆ సంగతి మరిచిపోయినప్పుడు ఏం జరిగిందో అమెరికా టీవీలు చూపించాయి. 1955లో జెనిత్ కంపెనీ ఇంజనీరు యూజీన్ పాలీ వెలుతురుతో పనిచేసే రిమోటు తయారుచేశాడు. టీవీ మీద ఎండ పడితే చానలు దానంతటదే మారిపోయేది. మరుసటి ఏడాది అదే కంపెనీకి చెందిన రాబర్ట్ యాడ్లర్ చెవికి వినపడని శబ్దంతో ఇంకో రిమోటు చేశాడు. అందులో బ్యాటరీ లేదు. మీట నొక్కితే చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టేది, అంతే. ఎంతో తెలివైన పని అది, పాతికేళ్ళ పాటు బతికింది. కాని తాళాలగుత్తి గలగలమన్నా టీవీ ఒక్కోసారి పలికేది.

మనం కొనే బోర్డులోకి వద్దాం. ఎక్కువ భాగం 433.92 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. 433 నుంచి 434 దాకా ఉన్న పట్టీలో అతి తక్కువ శక్తితో నడిచే పరికరాలకు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. రిమోటు విప్పితే గుండ్రటి లోహపు డబ్బీ ఒకటి కనిపిస్తుంది. అది సా (సర్ఫేస్ అకూస్టిక్ వేవ్) రెసొనేటర్. ఘనపదార్థం పైపొర మీద పాకే తరంగాల గురించి రేలీ 1885లో లెక్క కట్టాడు. 1965లో బర్క్‌లీలో వైట్, వోల్ట్‌మర్ అనే ఇద్దరు ఆ తరంగాలను స్ఫటికం మీద లోహపు దువ్వెనల్లాంటి పట్టీలతో పుట్టించే ఉపాయం చూపించారు. ఎండకీ చలికీ రిమోటు తన పౌనఃపున్యం నుంచి పక్కకి జారకుండా నిలబడుతోందంటే అది వాళ్ళ చలవే.

చవక రిసీవర్ గుండె ఇంకా పాతది. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1922లో లోకానికి చూపిన సూపర్ రీజెనరేటివ్ సర్క్యూట్ అది. ఒక్క ట్రాన్సిస్టరును ఊగిసలాట మొదలయ్యే అంచు దాకా తీసుకెళ్ళడం, ఆపడం, మళ్ళీ తీసుకెళ్ళడం. సెకనుకి వేలసార్లు ఇదే పని. ఆ అంచు దగ్గర ఎంత బలహీనమైన సంకేతం తగిలినా అది లక్షల రెట్లు పెరుగుతుంది. ఇంత తక్కువ ఖర్చులో ఇంత చురుకైన చెవి ఇచ్చే సర్క్యూట్ మరొకటి లేదు. దీనికో గుణం ఉంది. ఎవరూ పలకనప్పుడు ఇది మౌనంగా ఉండదు, గాలిలోని రొదనంతా పెద్దది చేసి బయటికి పంపుతుంది. రిసీవర్ డేటా కాలికి నేరుగా రిలే తగిలించిన కుర్రాడికి మొదటి రోజే ఈ సంగతి బోధపడుతుంది: రిమోటు ముట్టుకోకుండానే రిలే టకటకలాడుతుంది.

ఆ రొదలోంచి అసలు మాటను వేరుచెయ్యడానికే కోడింగ్ చిప్పులు పుట్టాయి. కాలేజీ ప్రాజెక్టుల్లో ఏళ్ళ తరబడి కనిపించిన హెచ్‌టి12ఇ, హెచ్‌టి12డి జంటకి ఎనిమిది చిరునామా కాళ్ళు. అంటే 256 చిరునామాలు. ఒక్కసారి మీట తాకినా హెచ్‌టి12ఇ అదే మాటను నాలుగుసార్లు పంపుతుంది. అవతల హెచ్‌టి12డి వరసగా మూడుసార్లు సరిచూసుకుని, చిరునామా కలిస్తేనే నమ్ముతుంది. పీటీ2262లో ఒక్కో కాలిని ప్లస్‌కి, మైనస్‌కి కలపవచ్చు, లేదా దేనికీ కలపకుండా వదిలెయ్యవచ్చు. కాబట్టి అవే ఎనిమిది కాళ్ళతో 6,561 చిరునామాలు వస్తాయి. ఇప్పటి రిమోట్లలో ఎక్కువగా ఉండే ఈవీ1527 చిప్పులో 20 బిట్ల సంఖ్య ఫ్యాక్టరీలోనే రాసేస్తారు. పది లక్షలకి పైగా సంఖ్యలున్నాయి గనక పక్క తోటవాళ్ళ రిమోటుకి మన మోటారు తిరిగే భయం దాదాపు లేదు. కాని ఈ కోడు ఎన్నటికీ మారదు. గాలిలోంచి ఒకసారి పట్టి దాచుకున్నవాడు మళ్ళీ వదలగలడు. కార్ల తాళాల్లో నొక్కిన ప్రతిసారీ కోడు మారేది ఇందుకే. కొబ్బరితోట మోటారుకి ఈ చవక రిమోటు చాలు. వీధిగేటుకి, ఇంటి తాళానికి మాత్రం పెట్టవద్దు.

దూరం సంగతి. పెట్టె మీద వంద మీటర్లని రాసి ఉంటుంది. అది ఖాళీ మైదానంలో మాట. తడి ఆకులు, నీళ్ళు నిండిన కొబ్బరి మానులు ఈ తరంగాలను మింగేస్తాయి. ఎండాకాలం బాగా పనిచేసిన రిమోటు వానాకాలం మొరాయిస్తే బ్యాటరీని తిట్టక్కర్లేదు. రిసీవర్‌ని ఇనప స్టార్టరు పెట్టెలో పెట్టి మూత వేస్తే రేడియో అసలు లోపలికే రాదు. దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, షెడ్డు చూరుకి ఎత్తున కట్టాలి. ఏంటెన్నాగా 17.3 సెంటీమీటర్ల తీగ నిటారుగా నిలబెట్టాలి. తరంగం పొడవు 69 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు ఇది. తీగని చుట్టచుట్టి డబ్బాలో కుక్కేస్తే కొలిచి కత్తిరించిన శ్రమంతా వృథా.

ఇక చేసే యంత్రం. రిలే ఇంకా పాతది. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కదిలించే పద్ధతిని అమెరికాలో జోసెఫ్ హెన్రీ 1830ల్లోనే ప్రిన్స్‌టన్‌లో విద్యార్థులకి చూపించాడు. మన బోర్డు మీది నీలం రిలే నడుమున 10 ఆంపియర్లు, 250 వోల్టులని అచ్చు ఉంటుంది. ఒక హెచ్‌పీ మోటారంటే 746 వాట్లు. సింగిల్ ఫేజు మీద నడిచేటప్పుడు లాగేది ఆరేడు ఆంపియర్లే కదా, రిలే సరిపోతుంది కదా అనుకుంటారు. సరిపోదు. ఆ అంకె హీటరు లాంటి వాటికి రాసింది. మోటారు కదిలే క్షణంలో మామూలు కరెంటుకి అయిదారు రెట్లు గుంజుతుంది. ఆ దెబ్బకి రిలే లోపలి కాంటాక్టులు కరిగి అతుక్కుపోతాయి. అతుక్కున్నాక ఆఫ్ మీట నొక్కితే టిక్కుమని చప్పుడు కూడా రావచ్చు, మోటారు మాత్రం ఆగదు. ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఆగిందనే అనుకుంటారు. నీళ్ళు తగ్గిన బోరులో మోటారు కాలిపోతుంది. మోటారు ఆగిందనుకుని ఎవరైనా వైరు పట్టుకుంటే పోయేది మోటారు కాదు.

కాబట్టి రిమోటు మోటారుని నడపకూడదు. స్టార్టరు మీట నొక్కే వేలి పనే చెయ్యాలి. స్టార్టరు పెట్టెలో పచ్చమీటకి సమాంతరంగా ఒక రిలే కాంటాక్టు, ఎర్రమీటకి వరసలో ఇంకో రిలే మూసి ఉండే కాంటాక్టు. రెండూ మీట నొక్కినంతసేపే పనిచేసే పద్ధతిలో ఉండాలి. ఇలా చేస్తే లోపలి కాంటాక్టరు, ఓవర్‌లోడ్ రిలే ఎప్పటిలాగే కాపలా కాస్తాయి, చేతితో నొక్కే మీటలూ పనిచేస్తాయి. త్రీఫేజు స్టార్టర్లలో కాయిల్ చాలాసార్లు 415 వోల్టులది ఉంటుంది, 250 వోల్టుల రిలేని అక్కడ నేరుగా కలపకూడదు. కొన్ని సింగిల్ ఫేజు పెట్టెల్లో పచ్చమీట నొక్కి ఉంచినంతసేపే స్టార్టింగ్ కెపాసిటరు పనిచేస్తుంది. పెట్టె మూత వెనక అంటించిన వైరింగు బొమ్మ చదవకుండా చెయ్యి పెట్టే పని కాదిది.

ఒకే మీటతో ఆన్, అదే మీటతో ఆఫ్ అయ్యే టోగుల్ పద్ధతి చాలా బోర్డుల్లో ఉంటుంది. మోటారుకి అది పనికిరాదని నా గట్టి అభిప్రాయం. ఇంటి దగ్గరినుంచి ఒకసారి నొక్కారు, లేచిందో లేదో తెలియదు, మళ్ళీ నొక్కారు. ఇప్పుడు మోటారు ఏ స్థితిలో ఉంది? ఆన్‌కి ఒక మీట, ఆఫ్‌కి ఒక మీట ఉంటే ఆఫ్‌ని నాలుగుసార్లు నొక్కినా నష్టం లేదు.

కరెంటు రాగానే దానంతటదే మోటారు వేసే ఆటో స్టార్టర్లను రైతులు ఎందుకు పెట్టుకున్నారో అందరికీ తెలుసు. అదీ ఈ నడక బాధే. కాని ఒక లైను మీద మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తే ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోలేదు. పైగా తెలంగాణ ప్రభుత్వం 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టేముందు ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ఊరూరా చెప్పింది, నిరంతర కరెంటుతో భూగర్భజలం అవసరానికి మించి తోడుకుపోతుందనే భయంతో. రిమోటుతో ఈ తంటా లేదు: కరెంటు పోతే స్టార్టరు పడిపోతుంది, మనిషి నొక్కితేనే మళ్ళీ లేస్తుంది.

రొయ్యల చెరువులది వేరే లెక్క. నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తగ్గేది తెల్లవారుజామున. రాత్రంతా నాచు, రొయ్యలు అన్నీ దాన్ని వాడుకుంటాయి, ఎండ లేదు గనక తయారయ్యేది ఉండదు. ఆ వేళకి ఏరియేటర్లు తిరగకపోతే పంట పోతుంది. మన చిన్న రిమోటు చెబుతుందే గాని తిరిగి వినదు; మోటారు లేచిందో లేదో దానికి తెలియదు. అక్కడ బదులు చెప్పే పరికరం కావాలి. పుణె ఇంజనీరు సంతోష్ ఓస్త్‌వాల్ తెచ్చిన నానో గణేశ్ మొదలుకొని సిమ్ కార్డుతో నడిచే స్టార్టర్లు అలాంటివే. మోటారు నడుస్తోందా, కరెంటు ఉందా అన్నది అవి ఫోనుకి తెలియజేస్తాయి. చెరువుకి వాటినే పెట్టండి, ఖర్చు చూడకండి.

ఈ పని నేర్చుకోవాలనుకునే పిల్లలకి ఒక మాట. మొదట అయిదు వోల్టుల మీద ఒక ఎల్‌ఈడీతో మొదలుపెట్టండి. రిసీవర్ రొద వినండి, కోడు మార్చి చూడండి, ఏంటెన్నా కత్తిరించి తోటలో ఎంత దూరం అందుతోందో నడిచి కొలవండి. ఈ పరికరంలోని విజ్ఞానమంతా అక్కడే ఉంది, అక్కడ షాకు కొట్టదు. స్టార్టరు పెట్టె దాకా వచ్చినప్పుడు మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పక్కన పెట్టుకోండి. రిమోటు బిగించిన ప్రతి షెడ్డులోనూ మెయిన్ స్విచ్ ఒకటి ఉండి తీరాలి. మోటారు మీద చెయ్యి వేసే ముందు మెయిన్ కట్టి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. ఆ రిమోటు ఇంట్లో ఎవరి చేతిలో ఉందో షెడ్డులో ఉన్న మనిషికి కనపడదు.