ద్రావణులతో శుభ్రపరిచే పని – కార్మికుల రక్షణ

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ద్రావణులు శరీరానికి చేసే హానిని వివరించగలుగుతారు.
• మూసిన గదిలో బాష్ప గాఢతను అంచనా వేయగలుగుతారు.
• రక్షణ చర్యలను ప్రాధాన్యక్రమంలో ఎంచుకోగలుగుతారు.

1. పరిచయం

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో ఆవిరి ఇంజన్ల కాలంనాటి పెద్ద లోకో షెడ్డుతో పేరు పొందిన బిట్రగుంట ఉంది. సముద్రం వైపు జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బరు ఉంది. రైలింజనైనా, పడవ ఇంజనైనా, ట్రాక్టరైనా విప్పినప్పుడు ముందుగా జిడ్డు వదిలించాలి. మామూలు నీటికి జిడ్డు కరగదు. అందుకే మెకానిక్కులు కిరోసిన్, పెట్రోలు, థిన్నర్ వంటి ద్రావణులను వాడతారు. కర్మాగారాలలో ట్రైక్లోరోఇథిలీన్‌ను కూడా వాడుతూ వచ్చారు. కొవ్వును కరిగించే గుణమే వీటి ఉపయోగానికి కారణం. హానికి కూడా ముఖ్యంగా అదే కారణం.

2. హాని జరిగే తీరు

ద్రావణి ప్రధానంగా శ్వాస ద్వారా, చర్మం ద్వారా శరీరంలోకి చేరుతుంది. చర్మంపై సహజంగా ఉండే కొవ్వు పోవటంతో చేతులు పొడిబారి పగులుతాయి. రక్తంలో చేరిన ద్రావణి కొవ్వు ఎక్కువగా ఉండే మెదడు, నరాలపై పనిచేస్తుంది. తలనొప్పి, తల తిరగటం, మత్తు తొలి లక్షణాలు. దీర్ఘకాలం పీల్చితే హెక్సేన్ కాళ్లూ చేతుల నరాలను దెబ్బతీస్తుంది. బెంజీన్ రక్త క్యాన్సరుకు దారితీయగలదు. ట్రైక్లోరోఇథిలీన్‌ను కూడా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

వాసన నమ్మదగిన హెచ్చరిక కాదు. కొద్దిసేపటికే ముక్కు అలవాటుపడి వాసన తెలియకుండా పోతుంది. బాష్పం మాత్రం గదిలోనే ఉంటుంది.

నిప్పు మరో ప్రమాదం. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఒక ఔషధ కర్మాగారంలో లీకైన ద్రావణి బాష్పం అంటుకొని పేలుడు సంభవించింది. 17 మంది మరణించారు.

3. ఒక లెక్క

థిన్నర్‌లో తరచుగా ఉండే టోలీన్‌ను తీసుకోండి. 3 మీ. × 4 మీ. × 2.5 మీ. కొలతలున్న మూసిన గదిలో 100 మి.లీ. టోలీన్ పూర్తిగా ఆవిరైందనుకుందాం.

100 మి.లీ. టోలీన్ బరువు సుమారు 87 గ్రాములు. అణుభారం 92 కాబట్టి ఇది 0.94 మోల్. గది ఉష్ణోగ్రత వద్ద ఒక మోల్ బాష్పం సుమారు 24.5 లీటర్లు ఆక్రమిస్తుంది. అంటే మొత్తం 23 లీటర్ల బాష్పం. గది ఘనపరిమాణం 30,000 లీటర్లు.

గాఢత = (23 ÷ 30,000) × 10,00,000 = సుమారు 767 పి.పి.ఎం.

ఫ్యాక్టరీల చట్టం, 1948 రెండో షెడ్యూలులో టోలీన్‌కు 8 గంటల సగటు పరిమితి 100 పి.పి.ఎం. మాత్రమే ఉండేది. అర గ్లాసు ద్రావణి ఆ పరిమితికి ఏడు రెట్లు దాటించింది. బాష్పం గది అంతటా సమంగా కలిసిందని లెక్క వేశాం. వంగి పనిచేసే మనిషి ముఖం దగ్గర గాఢత ఇంకా ఎక్కువ ఉంటుంది.

4. రక్షణ చర్యల క్రమం

(అ) మార్చటం: వేడినీరు, డిటర్జెంటుతో జిడ్డు పోయే చోట ద్రావణి అవసరం లేదు. శుభ్రపరచటానికి పెట్రోలు అసలు వాడకూడదు.

(ఆ) మూయటం: డబ్బాకు, కడిగే తొట్టికి మూత ఉండాలి. తడిసిన గుడ్డలను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయాలి.

(ఇ) గాలి ఆడించటం: టోలీన్ బాష్పం గాలికంటే మూడు రెట్లు బరువు. అది కింద పేరుకుంటుంది. కాబట్టి దాన్ని కిందినుంచి బయటికి లాగాలి. నిప్పురవ్వలు రాని ఫ్యానునే వాడాలి.

(ఈ) పని పద్ధతి: పడవ అడుగున ఉండే ఇంజన్ గది, ట్యాంకు వంటి చోట్లకు ముందుగా గాలి పంపి, పరీక్షించిన తరువాతే దిగాలి. బయట ఒకరు కాపలా ఉండాలి. లోపలి మనిషి పడిపోతే తగిన శ్వాస పరికరం లేకుండా కాపాడబోయి దూకకూడదు. అలా దిగినవారూ పడిపోతారు.

(ఉ) వ్యక్తిగత సాధనాలు: ముఖానికి కట్టిన తువ్వాలు, గుడ్డ మాస్కు బాష్పాన్ని ఆపవు. కర్బన బాష్పాలకు తగిన కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. కిరోసిన్‌కు నైట్రైల్ చేతితొడుగులు పనికివస్తాయి. అసిటోన్‌ను అవి ఎక్కువసేపు ఆపలేవు.

మనం సాధారణంగా (ఉ)తో మొదలుపెడతాం. అది చివరి మెట్టు. మొదటి మూడూ ప్రమాదాన్నే తగ్గిస్తాయి; మాస్కు ఆ భారాన్ని కార్మికుడి మీద వేస్తుంది.

5. చట్టం చేరని చోటు

ఆసన్న ప్రమాదం ఉందని అనిపిస్తే దాన్ని యాజమాన్యం దృష్టికి, ఇన్‌స్పెక్టరు దృష్టికి తెచ్చే హక్కును ఫ్యాక్టరీల చట్టం 41-హెచ్ సెక్షను ప్రమాదకర ప్రక్రియలు జరిగే ఫ్యాక్టరీల కార్మికులకు ఇచ్చింది. అయితే విద్యుత్తు వాడే చోట 10 మంది ఉంటేనే ఆ చట్టం ప్రకారం ఫ్యాక్టరీ అయ్యేది. ఈ చట్టాన్ని కలుపుకున్న 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఈ సంఖ్యను 20కి పెంచింది. ఇద్దరు ముగ్గురు పనిచేసే మెకానిక్ షెడ్డు ఈ లెక్కలోకి రాదు. అక్కడ తనిఖీకి వచ్చేవారు ఉండరు. బాష్పం మాత్రం ఒక్కటే. అందువల్ల అక్కడి రక్షణ యజమానికి, కార్మికుడికి ఉన్న అవగాహన మీదే ఆధారపడుతుంది.

సారాంశం

ద్రావణి ప్రమాదాన్ని వాసనతో కాక, పరిమాణం, గది, గాలి అనే మూడింటితో అంచనా వేయాలి. ముందు మార్చాలి, తరువాత మూయాలి, ఆపైన గాలి ఆడించాలి. మాస్కు, చేతితొడుగులు చివరివి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై గదిలో 20 మి.లీ. టోలీన్ ఆవిరైతే గాఢత ఎంత? (జవాబు: సుమారు 153 పి.పి.ఎం.)
2. వాసన తగ్గితే ప్రమాదం తగ్గినట్లేనా? కారణం రాయండి.
3. మీ ఊరి మెకానిక్ షెడ్డును చూసి, అక్కడ ఖర్చు లేకుండా చేయగల రెండు మార్పులను సూచించండి.